ప్రెస్‌లో చేసిన పనులు పోర్ట్‌ఫోలియోకి పనికొస్తాయా?

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 31 ఏళ్లు. బీకాం చదివి, డీటీపీ నేర్చుకుని, 8 ఏళ్లుగా ఒకే ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తున్నారు. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లతో మొదలుపెట్టి కోరల్‌డ్రా, ఫొటోషాప్ మీదుగా ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్ దాకా సొంతంగా నేర్చుకుంటూ వచ్చారు. భర్తకు హైదరాబాద్ బదిలీ అయింది. జూన్ నుంచి పాప స్కూలు కూడా అక్కడే. ఆమె అక్కడ గ్రాఫిక్ డిజైనర్ ఉద్యోగం కోసం చూస్తున్నారు. హార్డ్ డిస్కులో ఉన్న పనులన్నీ కలిపి పోర్ట్‌ఫోలియోగా, అంటే చేసిన పనుల నమూనాల సంకలనంగా, 64 పేజీల పీడీఎఫ్ చేసి చాలా చోట్లకు పంపితే, ఒక్కచోట నుంచే జవాబు వచ్చింది: "ఇవి ప్రెస్ పనులు. డిజైన్ వర్క్ ఏమైనా ఉంటే పంపండి." ఆ మాట చదివాక రెండు రోజులు సిస్టమ్ ముందు కూర్చోబుద్ధి కాలేదని రాశారు.

ఇక తలా ఒక సలహా. ఆన్‌లైన్ కోర్సు చెప్పిన సారు ప్రెస్ పనులన్నీ తీసేసి కోర్సులో చేసిన కాఫీ షాపు లోగో, పెర్ఫ్యూమ్ పోస్టర్, ఫుడ్ డెలివరీ యాప్ స్క్రీన్లు మాత్రమే పెట్టమన్నారు. ఐటీలో ఉన్న మరిది "వదినా, ఇప్పుడంతా యూఐ, యూఎక్స్. ఆ పనులే చెయ్యి" అంటున్నాడు, అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్లకు ఎలా కనిపించాలో, ఎలా పనిచేయాలో తీర్చిదిద్దే పని. స్నేహితురాలు, ప్రెస్ పేరెత్తకుండా 8 ఏళ్లు ఫ్రీలాన్స్ చేశానని చెప్పమంది. ప్రెస్ ఓనరు మాత్రం "ఆ డిజైన్లన్నీ మన షాపువి కదమ్మా" అని ఒకసారి అన్నారట. ఆయన దగ్గర ఈ ఊసెత్తాలంటే టెన్షన్‌గా ఉందట.

"శుభలేఖలు, ఫ్లెక్సీలు, ర్యాంకుల పాంప్లెట్లు, ఒక నర్సరీ కేటలాగు, ఒక పూతరేకుల డబ్బా. నా ఎనిమిదేళ్లూ ఇవే. వీటిలో ఏవి పెట్టాలి, ఏవి దాచాలి? అసలు నేను డిజైనర్‌ని అని చెప్పుకోవచ్చా?" ఇదీ ఆమె ప్రశ్న.

ముందు ఆఖరి ప్రశ్నకు జవాబు చెబుతాను. చెప్పుకోవచ్చు. మీ ఉత్తరంలో నర్సరీ కేటలాగు గురించి రాసిన పేరా చదివితే ఆ అనుమానం ఎవరికీ రాదు. బాధ ఏమిటంటే, ఆ పేరాలో ఉన్న సంగతి మీ 64 పేజీల పీడీఎఫ్‌లో ఎక్కడా లేదు.

"ఇవి ప్రెస్ పనులు" అన్న ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఆయన ముందు కనిపించింది ఏమిటో ఆలోచించండి. వరసగా గులాబీ రంగు శుభలేఖలు, బంగారు రంగు వినాయకుళ్లు, నాయకుల ముఖాలు, కళ్లు చెదిరే అక్షరాలు. ఆ రంగులు ఎంచుకున్నది పార్టీలు, అంటే పని చేయించుకున్నవాళ్లు. "ఇంకా బ్రైట్‌గా ఉండాలి" అన్నది వాళ్లు. ఆ పేజీల్లో ఆయనకు కనిపించింది మీ దగ్గరికొచ్చిన పార్టీల అభిరుచి. మీరు కనిపించలేదు. బొమ్మలు మాత్రమే పెట్టి, వాటి వెనక మీరేం చేశారో ఒక్క మాట కూడా రాయకపోతే ఎంత మంచి పనికైనా ఇదే గతి.

కాబట్టి ఏది అందంగా ఉంది, ఏది లేదు అన్న లెక్క పక్కన పెట్టి, ప్రతి ఫైలు తెరిచి ఒక ప్రశ్న వేసుకోండి: ఇందులో నేను తీసుకున్న నిర్ణయం ఏది? అది నేను తీసుకోకపోయి ఉంటే ఈ పని ఎలా తయారయ్యేది? రెండు వాక్యాల్లో జవాబు చెప్పగలిగితే ఆ పనిని పక్కకు తీసిపెట్టండి. చెప్పలేకపోతే, ఎంత బాగున్నా వదిలేయండి. డిజైనర్‌ని ఉద్యోగంలోకి తీసుకునేవాళ్లు కొనుక్కునేది ఆ నిర్ణయాలనే. సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్లు హైదరాబాద్‌లో కొల్లలుగా దొరుకుతారు. అక్కడి ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ చేసి వచ్చిన పిల్లలకు గీత, రంగు మీకంటే బాగా వచ్చి ఉండొచ్చు. కానీ వెయ్యి కాపీలు అచ్చయ్యాక తప్పు బయటపడితే ఏమవుతుందో వాళ్లలో చాలామందికి ఇంకా అనుభవం లేదు. మీకు ఉంది.

కడియం నర్సరీ కేటలాగు తీసుకుందాం. 48 పేజీలు. నర్సరీవాళ్లు ఫోన్లో తీసిన ఫొటోలు వాట్సాప్‌లో పంపారు. కొన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో, కొన్ని షేడ్ నెట్ కింద తీసినవి. పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లిష్‌లో, కొన్నిటికి శాస్త్రీయ నామం మాత్రమే. వాళ్లు అక్షర క్రమంలో వేసేయమన్నారు. మీరు మాత్రం, మొక్కలు కొనడానికి వచ్చేవాళ్లు "నీడలో పెరిగేది ఏముంది?" అనే కదా అడుగుతారు అని ఆలోచించి, ఎండ మొక్కలు, నీడ మొక్కలు, కుండీ మొక్కలు, గట్టు మీద వేసేవి అని విడగొట్టారు. దానికి వాళ్లను ఒప్పించారు. ప్రూఫ్‌లో ఆకుపచ్చలన్నీ చచ్చిపోయినట్టు వస్తే, ఫోన్ తెర మీద మెరిసే ఆ పచ్చ సీఎంవైకేలో, అంటే అచ్చుకు వాడే నాలుగు రంగుల సిరాల్లో, రాదని వాళ్లకు చెప్పి, ఫొటోలు ఒక్కొక్కటీ సరిచేశారు.

ఇంతా చేసి, మీ పీడీఎఫ్‌లో ఆ కేటలాగుకు ఇచ్చింది ఒక్క పేజీ. కవరు బొమ్మ, అంతే!

ఇది మీ పోర్ట్‌ఫోలియోలో మొట్టమొదట రావాల్సిన పని. నాలుగైదు పేజీలు ఇవ్వండి. మొదట వాళ్లు పంపిన ముడి సరుకు ఎలా ఉందో ఒక పేజీలో చూపించండి, చిందరవందరగానే. తర్వాత మీరు మొక్కలను ఎలా విడగొట్టారో, చేత్తో గీసుకున్న కాగితమైనా సరే. తర్వాత ఎదురెదురు పేజీలు రెండు జతలు. ఒక ఫొటోకు సరిచేయక ముందు, చేశాక తేడా. ఆఖర్న అచ్చయిన పుస్తకాన్ని కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఫొటో తీసి పెట్టండి. మోకప్‌లు (అచ్చయిన వస్తువులా కనిపించే రెడీమేడ్ నమూనా బొమ్మలు) డౌన్‌లోడ్ చేసి అతికించకండి. అసలు పుస్తకం చేతిలో ఉన్నప్పుడు ఉత్తుత్తి పుస్తకం దేనికి? రాసే మాటలు పేజీకి మూడు నాలుగు వాక్యాలు మించక్కర్లేదు. "నర్సరీవారికి కేటలాగ్ రూపొందించాను" అని రాస్తే వృథా. "కొనేవాళ్లు అడిగే ప్రశ్న ప్రకారం వరస మార్చాను" అని రాస్తే చదివేవాళ్లు ఆగుతారు.

రెండోది పూతరేకుల డబ్బా. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక డబ్బాల పని పెరిగిందని మీరే రాశారు. తినే వస్తువు ప్యాకింగ్ అంటే ముందువైపు బొమ్మ ఒక్కటే కాదని మీకు తెలుసు. ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు, దినుసులు, పోషక విలువలు, నికర బరువు, తయారీ తేదీ, ఎంఆర్‌పీ, బార్‌కోడ్ అన్నీ పట్టాలి. ఇవన్నీ చిన్న డబ్బా వెనక ఇమిడ్చి, చదవడానికి వీలుగా ఉంచి, ముందువైపు ప్రశాంతంగా వదలడం పెద్ద పని. ఎందుకో చాలా పోర్ట్‌ఫోలియోల్లో డబ్బా ముందువైపే ఉంటుంది. మీరు వెనకవైపు చూపించండి. డై లైన్ చూపించండి, అంటే ఎక్కడ కటింగ్, ఎక్కడ క్రీజింగ్, ఎక్కడ జిగురు అనేది. నెయ్యి మరక అట్ట మీదికి రాకుండా లోపలి పొరకు లామినేషన్ చేయించమన్నది మీరేనని రాశారు కదా, ఆ మాట కూడా రాయండి. ప్యాకేజింగ్ చేసే ఏజెన్సీలో ఎవరైనా ఈ పేజీ దగ్గర ఆగుతారు.

శుభలేఖల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. మీరు వందల్లో చేశారు. కానీ వాటిలో చాలా భాగం శివకాశి నుంచి వచ్చే రెడీమేడ్ కార్డులు. బొమ్మ, ఫాయిల్, డై కటింగ్ అన్నీ ముందే అయిపోయి వస్తాయి. మీరు మ్యాటర్ సెట్టింగ్ చేసి అచ్చు వేయించారు. ఆ కార్డు మొత్తాన్ని మీ డిజైన్‌గా చూపిస్తే, తెలిసినవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు. దాంతో మీ కేటలాగును కూడా అనుమానిస్తారు. అలాగే పార్టీలు పట్టుబట్టి వేయించుకున్న బాపు బొమ్మల కార్డులు. బాపుగారు 2014లో పోయారు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన తర్వాత మరో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, అంటే 2074 చివరి దాకా. ఊళ్లో అందరూ వాడుతున్నారన్నది వేరే సంగతి. ఉద్యోగం కోసం "ఇది నా పని" అని చూపించే చోట అవి ఉండకూడదు. ఫ్రీపిక్ అనే రెడీమేడ్ బొమ్మల వెబ్‌సైట్ నుంచి తీసుకున్న పూల వెక్టర్లూ అంతే. వాటిని వాడిన పని పెట్టక తప్పకపోతే, పువ్వులు ఎక్కడివో కింద ఒక వరుస రాసెయ్యండి.

అయితే శుభలేఖలు పూర్తిగా తీసేయమనను. బొమ్మ ఏదీ లేకుండా, తెలుగు అక్షరాలతోనే చేశానని ఒక కార్డు గురించి రాశారు. అది పెట్టండి. ఎందుకో చెబుతాను. తెలుగు అక్షరాలను చక్కగా పేర్చడం తెలిసిన డిజైనర్లు నిజంగా తక్కువ. ఇంగ్లిష్‌కి ఇచ్చిన వరుసల ఎడమే తెలుగుకూ ఇస్తే, పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగ్ మార్చకపోతే ఒత్తు విడిపోయి పక్కకు వచ్చి నిలబడుతుంది. నగరాల్లో పెద్ద పెద్ద హోర్డింగుల మీద కూడా ఈ తప్పులు చూస్తుంటాం. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మీరు 8 ఏళ్లుగా రోజూ ఇదే పని చేశారు. ఆ కార్డు పక్కనే, అదే మ్యాటర్‌ను మామూలుగా కొట్టి వదిలేస్తే ఎలా ఉంటుందో, మీరు సరిచేశాక ఎలా ఉందో రెండూ పెట్టండి. తెలుగు చదవడం రాని ఆర్ట్ డైరెక్టరుకు కూడా తేడా తెలుస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. మీ పనులు చాలావరకు అనూ ఫాంట్లలో ఉన్నాయి. ప్రెస్‌లో అది మామూలే. కానీ వెబ్‌సైట్లు, సోషల్ మీడియా, యాప్‌లు చేసేచోట యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి, కావాలి. అనూలో కొట్టినది వెతికితే దొరకదు, వేరేచోట అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. కాబట్టి ఒక్క పనైనా యూనికోడ్ ఫాంట్లతో మళ్లీ చేసి పెట్టండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు, తిరో తెలుగు లాంటివి ఉచితంగా ఉన్నాయి. "అనూ ఫైళ్లు కూడా తెరవగలను, యూనికోడ్‌లోకి మార్చగలను" అన్న ఒక్క వాక్యం తెలుగు ప్రచురణ సంస్థల దగ్గర, న్యూస్ చానెళ్ల దగ్గర మీకు తలుపు తీస్తుంది. పాత ఫైళ్లు వాళ్ల దగ్గర గుట్టలుగా ఉంటాయి.

ఫ్లెక్సీల గురించి సిగ్గుపడుతూ రాశారు. సిగ్గుపడక్కర్లేదు, కానీ ఆలోచించి పెట్టాలి. 30 ముఖాలున్న ఫ్లెక్సీలో ఎవరి ముఖం ఎంత ఉండాలి, ఎవరి పక్కన ఎవరు ఉండాలి, దూరం నుంచి బండి మీద వెళ్లేవాడికి ముందు ఏం కనిపించాలి అని తేల్చడం అక్షరాలా డిజైన్ సమస్యే. అలాంటిది ఒకటి పెడితే మీకు అది అర్థమైందని తెలుస్తుంది. నష్టం కూడా ఉంది. చూసేవాళ్లు పనిని వదిలేసి అది ఏ రాజకీయ పార్టీదో చూస్తారు. నాకైతే రాజకీయ ఫ్లెక్సీ వద్దనిపిస్తుంది. పెట్టాలనుకుంటే ముఖాలను బూడిద రంగు గుండ్రాలుగా మార్చి, వాటి అమరికను మాత్రం చూపించండి. ఎన్నికల కరపత్రమైతే కింద ప్రింటరు, పబ్లిషరు పేరు, చిరునామా చట్ట ప్రకారం ఉంటాయి కదా, అవి కూడా మూసెయ్యండి.

ర్యాంకుల పాంప్లెట్లు వద్దు. వాటిలో ఉన్నది మైనర్ పిల్లల ఫొటోలు, పేర్లు, హాల్ టికెట్ నంబర్లు. కాలేజీ అచ్చు వేయించుకుంది కదా అని మనం మన ఉద్యోగం కోసం వాటిని ఊరంతా తిప్పడం సరికాదు.

ఇప్పుడు కోర్సు పనులు. మీ సారు చెప్పినట్టు అవి మాత్రమే పెడితే ఏమవుతుందంటే, అదే కోర్సు చేసిన మిగతావాళ్ల పోర్ట్‌ఫోలియోల్లో కూడా అదే కాఫీ షాపు, అదే పెర్ఫ్యూమ్ సీసా ఉంటాయి. చూసేవాళ్లు వాటిని గుర్తుపడతారు. పైగా 8 ఏళ్ల అనుభవం ఉన్న మనిషి నాలుగు నెలల విద్యార్థిలా కనిపిస్తారు. మూడూ తీసేయండి. వాటి స్థానంలో సొంతంగా ఒక్క ప్రాజెక్టు చేయండి, మీ ఊరి అవసరం ఏదైనా తీసుకుని. 2015లో జరిగిన గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తున్నాయి. రైల్వే స్టేషన్‌లో దిగిన ముసలాయన, చదువు అంతగా రాని మనిషి, ఒడిశా నుంచో తమిళనాడు నుంచో వచ్చిన కుటుంబం, వీళ్లంతా ఘాట్‌కు నడిచి వెళ్లడానికి, మళ్లీ స్టేషన్‌కు తిరిగి రావడానికి దారి చూపే బోర్డులు ఎలా ఉండాలి? ఆ దారి మీకు కొట్టిన పిండి. నడిచి చూడండి, ఏ మలుపులో మనుషులు ఆగి అడుగుతారో రాసుకోండి, నాలుగైదు బోర్డులు చేయండి, ఏ4 మీద ప్రింటు తీసి మీ వీధిలో ఒక పెద్దాయనకు పది అడుగుల దూరం నుంచి చూపించండి. పేజీ పైన "సొంతంగా ఎంచుకుని చేసిన ప్రాజెక్టు" అని స్పష్టంగా రాయండి. ఎవరో చేయించుకున్నట్టు భ్రమ కల్పించకూడదు. సొంత ప్రాజెక్టు అని చెబితే విలువ తగ్గదు. దాచి దొరికితే మాత్రం మిగతావన్నీ పోతాయి.

మరిది మాటకు వద్దాం. అతను మీ మంచి కోరే చెప్పాడు, యూఐలో జీతాలు ఎక్కువ అన్నదీ సాధారణంగా నిజమే. కానీ మీ దగ్గర ఉన్నదాన్ని బట్టి నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి, ఒక్కో దారికి ఒక్కో పోర్ట్‌ఫోలియో.

బ్రాండింగ్, ప్యాకేజింగ్ చేసే ఏజెన్సీలకు వెళ్లాలంటే పూతరేకుల డబ్బా ముందు, కేటలాగు తర్వాత. అక్కడ పని ఒత్తిడి ఎక్కువ, రాత్రిళ్లు ఉండాల్సి రావచ్చు. పాప స్కూలు సంగతి మీరే చూసుకోవాలి. ప్రచురణ సంస్థలు, మీడియా, తెలుగులో ప్రకటనలు చేసే కంపెనీలకైతే తెలుగు అక్షరాల పని ముందు. అక్కడ మీకు పోటీ తక్కువ, పనిలో త్వరగా కుదురుకుంటారు. జీతం మొదట్లో మీరు అనుకున్నంత ఉండకపోవచ్చు. యూఐ, యూఎక్స్ అంటే మాత్రం ఇప్పుడున్న పనులు నేరుగా సరిపోవు. మొక్కల వర్గీకరణ, దారి చూపే బోర్డులు కొంతవరకు పనికొస్తాయి, ఎందుకంటే అక్కడా మనిషి ఏం వెతుకుతున్నాడన్నదే ప్రశ్న. కానీ యాప్ స్క్రీన్లు గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, రెండు మూడు ప్రాజెక్టులు కొత్తగా చేయాలి, నిజమైన మనుషులతో పరీక్షించాలి. కొన్ని నెలలు జీతం లేకుండా గడవగలిగితే ఆ దారి పట్టొచ్చు. జూన్‌లోనే ఉద్యోగం కావాలంటే కష్టం.

మీ ఉత్తరం చదివితే నాకు రెండో దారి మీద మీకు ప్రేమ ఉందనిపించింది. అక్షరాల గురించి రాసినప్పుడు మీ వాక్యాలు పెద్దవయ్యాయి, యాప్ స్క్రీన్ల గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు. అయినా నిర్ణయం మీది. ఇల్లు గడిచే లెక్క మీకు తెలుసు, నాకు తెలియదు. ఒక దారి ఎంచుకోలేకపోతే, అవే ఏడెనిమిది పనులతో వరస మార్చి రెండు పీడీఎఫ్‌లు చేసుకోండి. అన్నీ ఒకే దాంట్లో కుక్కి అందరికీ పంపడం మాత్రం మళ్లీ చేయకండి.

ఫ్రీలాన్స్ అని చెప్పమన్న స్నేహితురాలి సలహా దయచేసి వినకండి. ఇన్‌వాయిస్‌లు చూపించమంటే, పాత క్లయింట్ల నంబర్లు అడిగితే ఏం చెబుతారు? ఆ భయంతో ఇంటర్వ్యూలో కూర్చుంటే నిజంగా చేసిన పని గురించి కూడా ధైర్యంగా మాట్లాడలేరు. పైగా ఆ ప్రెస్ పేరే మీకు బలం. ఒకేచోట 8 ఏళ్లు నిలబడ్డారు, పెళ్లిళ్ల సీజన్‌లో రోజుకు పదేసి జాబ్‌లు గడువులోపల ఇచ్చారు. దాచాల్సింది అందులో ఏముంది? తోటి ఆపరేటర్ ఫొటో కటింగ్ చేసిన పనులు పెట్టడం తప్పా అని అడిగారు. తప్పు కాదు. "లేఅవుట్, అక్షరాలు నావి, ఫొటో కటింగ్ సహోద్యోగిది" అని కింద రాయండి. అలా రాసినవాళ్ల మీద నమ్మకం పెరుగుతుందే గాని తగ్గదు. ఏఐతో చేయించిన బొమ్మ ఎక్కడైనా ఉంటే అక్కడా ఇదే పద్ధతి.

ఓనరుగారి సంగతి మీరు ఆఖర్లో రాశారు గానీ, పనిలో మొదట తేల్చుకోవాల్సింది అదే. ఆయన అన్నది చట్ట ప్రకారం చూస్తే నిజమే. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. అయితే హక్కులు ఎవరివైనా, ఆ పని చేసింది నేనేనని చెప్పుకునే హక్కును అదే చట్టం 57వ సెక్షన్ చేసినవాళ్లకు ఇస్తుంది. ఈ సెక్షన్లు పట్టుకెళ్లి ఆయన ముందు వాదించమని నేను చెప్పడం లేదు. మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో తెలియాలని చెబుతున్నాను.

ఆయనతో మాట్లాడే పద్ధతి వేరు. ఆయన భయం బహుశా ఒకటే: మీరు వెళ్లి పక్కనే షాపు పెట్టి ఆయన పార్టీలను లాక్కుంటారేమోనని. మీరు హైదరాబాద్ వెళ్తున్నారు, వెతుకుతున్నది ఉద్యోగం. ఆ మాట ముందు చెప్పండి. తర్వాత, పనులన్నీ కాదు, ఫలానా అయిదు పనులు అని పేర్లతో అడగండి. ఓపెన్ ఫైళ్లు (మార్చడానికి వీలున్న అసలు ఫైళ్లు) ఎవరికీ ఇవ్వనని, బొమ్మలు మాత్రమే చూపిస్తానని, ప్రతిదాని కింద ప్రెస్ పేరు వేస్తానని చెప్పండి. ఒప్పుకుంటే, ఇంటికొచ్చి "సార్, మీరు ఒప్పుకున్నందుకు థాంక్స్, ఈ అయిదు పనులు నా పోర్ట్‌ఫోలియోలో ప్రెస్ పేరుతో చూపిస్తాను" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. ఆయన సరేనని జవాబిస్తే అదే మీకు కాగితం. కేటలాగు, డబ్బా చేయించుకున్నవాళ్లకు కూడా ఒక ఫోన్ చేయండి. తమ డబ్బా హైదరాబాద్‌లో నలుగురూ చూస్తారంటే చాలామంది సంతోషిస్తారు.

ఒకవేళ ఆయన వద్దంటే? అప్పుడు ఇంకో రెండు దారులున్నాయి. నెట్‌లో ఎక్కడా పెట్టకుండా, అచ్చయిన నమూనాలను మాత్రం ఇంటర్వ్యూకి చేత పట్టుకెళ్లి చూపించడం ఒకటి. మార్కెట్లోకి వచ్చి అందరి చేతుల్లో తిరిగిన డబ్బాను ఎదురుగా పెట్టి "దీనిమీద పనిచేశాను" అని చెబితే ఎవరికీ నష్టం లేదు, గొడవ వచ్చే అవకాశం చాలా తక్కువ. రెండోది, అదే సమస్యను తీసుకుని ఊహించిన నర్సరీ పేరుతో, మీరే తీసిన ఫొటోలతో ఎనిమిది పేజీలు కొత్తగా చేయడం. శ్రమ ఎక్కువ, కానీ అది పూర్తిగా మీ సొంతం. ఆయనకు చెప్పకుండా అన్నీ నెట్‌లో పెట్టేయడం మూడో దారి. చాలామంది చేస్తారు, చాలాసార్లు ఏమీ కాదు కూడా. కానీ కొత్త కంపెనీవాళ్లు మీ గురించి ఫోన్ చేసి అడిగేది ఆయన్నే కదా.

పంపే పద్ధతి గురించి క్లుప్తంగా. ఏడెనిమిది పనులు, 20 నుంచి 25 పేజీలు చాలు. అన్నిటికంటే మంచిది ముందు, దాని తర్వాతది ఆఖర్న. చూసేవాళ్లు మధ్యలో గబగబా తిప్పేస్తారు. జీమెయిల్ 25 ఎంబీ దాటిన ఫైలును అటాచ్‌మెంట్‌గా తీసుకోదు. మీది పది లోపల ఉండేలా చూడండి. వాట్సాప్‌లో పంపమంటే ఫొటోలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే మీరు అంత కష్టపడి సరిచేసిన అక్షరాలు మసకబారతాయి. డిజైనర్లు తమ పనులు చూపించుకునే బిహాన్స్ వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టి ఆ లింకు కూడా ఇవ్వొచ్చు, ఓనరుగారు ఒప్పుకున్న పనుల మటుకే. తెలుగు పనుల పక్కన, ఆ మ్యాటర్ ఏమిటో ఇంగ్లిష్‌లో ఒక వరుస ఉండాలి. చూసే ఆయన తెలుగువాడే అయి ఉండక్కర్లేదు.

ఇంకా మీరు ప్రెస్‌లో ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది. ఓనరుగారిని అడిగి, కేటలాగు, డబ్బా, ఆ అక్షరాల శుభలేఖ అచ్చు కాపీలు రెండేసి తీసి పెట్టుకోండి. డబ్బా ఒకటి మడవకుండా, పరిచిన అట్టగానే ఉంచుకోండి, లోపలి లామినేషన్ కనబడాలి. వీలైతే ఆకుపచ్చలు చచ్చిపోయి వచ్చిన ఆ మొదటి ప్రూఫ్ కోసం కూడా వెతకండి, ఇంకా పాత కాగితాల్లో ఉంటే. దాన్నీ, అచ్చయిన కేటలాగునూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఏం మార్చారో మీ మాటల్లో చెప్పండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న వాళ్లు దాని గురించే అడుగుతారు, దానికి జవాబు మీకు బాగా తెలుసు.